ఎవరూ తొక్కని బండ

2022లో ఎండలు మొదలయ్యే రోజులు. ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు మీద మా టైల్స్ షాపు. అంతకు ముందు చాలా ఏళ్ళు నెల్లూరులో ఇలాంటి షాపులోనే సేల్స్‌లో పనిచేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. కొయ్యలాగా, రాయిలాగా కనబడే డిజైనర్ ఫ్లోరింగు మా వైపు పల్లెలకు అప్పుడప్పుడే అలవాటవుతోంది. అందులో ఎక్కువ అమ్ముడుపోయేది ఎస్‌పీసీ. రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి గట్టిగా ఒత్తిన పలకలు అవి. పైన కొయ్య ఫొటో అచ్చువేసి, గీతలు పడకుండా అద్దంలాంటి పొర ఒకటి వేస్తారు. చేత్తో తడిమితే చారలు కూడా తగులుతాయి. సిమెంటు పని లేదు. ఒక పలక అంచును ఇంకో పలక అంచులో నొక్కితే క్లిక్‌మని బిగుసుకుంటుంది. పాత నేల పగలగొట్టకుండా దాని మీదే పరిచేయొచ్చు. గిరాకీ ఉన్నది అందుకే.

రమణారెడ్డి, ఆయన భార్య లావణ్య ఉదయగిరి నుంచి వచ్చారు. ఊరికి కాస్త అవతల, కొండ దిగువన వాళ్ళ పల్లె. లావణ్య బెంగుళూరులో చెల్లెలి ఫ్లాటు చూసి వచ్చింది. హాల్లోకి ముదురు వాల్‌నట్ కొయ్య చారల పలకలు, వరండాలోకి పలకరాయిలాగా పొరలు పొరలుగా కనబడే టైల్ ఎంచుకుంది. రమణారెడ్డి ప్రతి శాంపిలూ గోరుతో గీరి చూశాడు.

"ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కి దేశమంతా అమ్మతా ఉండారు, మనమేమో కొయ్య బొమ్మ కొనుక్కోని పోతా ఉండాం," అన్నాడు భార్యతో.

"కొయ్యకి చెదలు పడతాయి. దీనికి పట్టవు," అంది ఆమె. బేరం అక్కడితో తేలిపోయింది.

ఈ పనిలో సైట్ విజిట్ ముఖ్యం. ఎస్‌పీసీ కింద నేల గట్టిగా, మట్టంగా లేకపోతే కొన్నాళ్ళకే అతుకులు ఊడొస్తాయి. అందుకని మా మేస్త్రి మస్తాన్‌ను వెంటబెట్టుకుని పొద్దున్నే బయల్దేరాను. మస్తాన్ నన్ను అక్కా అంటాడు. ఎక్కువ మాట్లాడడు. నేలను ఇనుప కడ్డీతో తట్టి, చప్పుడును బట్టి కింద ఏముందో చెప్పగలడు.

ఇల్లు పాతది. హాలు పెద్దది, పొడవాటిది. కిందంతా కడప బండలు. వీధి తలుపుకు ఎదురుగా, హాలు ఆ చివర, వంటింటి తలుపు. ఎడమవైపు గదిలో రమణారెడ్డి వాళ్ళమ్మ సుబ్బమ్మ ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. చూపు బాగా తగ్గింది. మంచం మీద కూర్చుని, మేం వచ్చిన అలికిడికి తల మాత్రం తిప్పింది.

పాత నేలలు చూడటం నాకు అలవాటు. ఏ ఇంట్లోనైనా జనం నడిచే దారి నేల మీద కనిపిస్తుంది. అక్కడ బండ అరిగి మెరుస్తుంది. మంచాలు, బీరువాలు ఉన్నచోట గరుకు అలాగే మిగిలిపోతుంది. ఆ హాల్లో మెరుపు వీధి తలుపు దగ్గర మొదలై వంటింటి దాకా పోయింది. కానీ తిన్నగా పోలేదు. నడిమధ్యకు వచ్చేసరికి ఏరు గుట్టను చుట్టుకుపోయినట్టు రెండు పాయలుగా చీలి, ఒక బండను మధ్యలో వదిలేసి, అవతల మళ్ళీ కలిసింది. ఆ ఒక్క బండ గరుగ్గా, నిన్న క్వారీ నుంచి తెచ్చినట్టు ఉంది. దాని మీద మూలనుంచి మూలకు సన్నగా ఒక పగులు.

లావణ్య కాఫీ గ్లాసులు తెచ్చింది. వంటింట్లోంచి నా వైపు తిన్నగా వస్తూ, ఆ బండ దగ్గర పక్కకు ఒరిగి, చుట్టూ తిరిగి వచ్చింది.

"ఇక్కడ ఇదివరకు మంచమో, పెట్టో ఏదన్నా ఉండేదా?" అని అడిగాను.

"ఏమీ లేదే. నేను వచ్చినప్పటి నుంచీ ఖాళీనే. ఎందుకండీ?"

"మీరు దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చారు."

ఆమె వెనక్కి తిరిగి నేల చూసింది, నన్ను చూసింది. "నేనా?" అంది.

అంతలో వాళ్ళ కూతురు, చిన్నపిల్ల, బయటనుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆ పరుగులోనే, చూపు ఎటో ఉండగా, కాళ్ళు మాత్రం ఆ బండ పక్కనుంచి వంపు తిరిగిపోయాయి. లావణ్య, నేను ఇద్దరం చూశాం.

రమణారెడ్డి నవ్వాడు. "మేం వంకరగా నడస్తామా? మీరు భలే చూస్తారే."

"అయితే ఒకసారి తిన్నగా నడవండి," అంది లావణ్య.

ఆయన వీధి తలుపు దగ్గరికి పోయి, మాకోసం నడిచి చూపించేవాడిలాగా చేతులూపుకుంటూ వచ్చాడు. బండ దగ్గరికి రాగానే కుడికాలు లేచి గాలిలో ఆగింది. తర్వాత పక్కన దిగింది. మళ్ళీ వెనక్కి పోయి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అంతే. ఈసారి ముఖంలో నవ్వు లేదు.

"ఏందో, కాలు పోవడం లా," అన్నాడు నెమ్మదిగా, వేరెవరి కాలి గురించో చెప్తున్నట్టు.

మస్తాన్ ఈ మాటలేవీ పట్టించుకోకుండా తలుపు దగ్గరనుంచి ఒక్కో బండా తట్టుకుంటూ వస్తున్నాడు. గట్టి నేల మీద కడ్డీ టంగుమంటుంది. మేం హాలో సౌండ్ అనే డొల్ల చప్పుడు దీనికి భిన్నంగా బొంగురుగా ఉంటుంది, కింద కాస్త సందు ఉందని అర్థం. ఆ గరుకు బండ మీద తట్టినప్పుడు వచ్చింది ఈ రెండూ కాదు. చప్పుడు కిందికి పోయి, ఎక్కడో ఆగి, ఆలస్యంగా పైకి వచ్చింది. మస్తాన్ ఇంకోసారి తట్టాడు.

గదిలోంచి ముసలామె గొంతు వినబడింది. "ఎవురది, తడతా ఉండేది?"

"టైల్స్ వాళ్ళు అత్తమ్మా," అంది లావణ్య.

"పైనించా, కిందనించా?"

మస్తాన్ కడ్డీ పక్కన పెట్టేసి, పగులు మీద అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేశాడు. "చల్లగా ఉండాదక్కా," అన్నాడు. నేను కూడా వంగి చూశాను. ఆ సన్నటి పగుల్లోంచి పులిసిన వాసన, పాత గాదెల్లో వచ్చేలాంటిది, ముక్కుకు తగిలింది.

ఈ బండ ఎత్తి, కింద ఏముందో చూసి, నింపితే తప్ప ఫ్లోరింగు వేయనని చెప్పాను. రమణారెడ్డికి నచ్చలేదు.

"ఇన్నేళ్ళూ ఉన్నిందే గదా అది. మీ పలకలు పరిచేస్తే పగులు గూడా కనపడదు. ఇప్పుడు దాన్నెందుకు కెలికేది?"

"కనపడదు కాబట్టే వేయను," అన్నాను. "ఈ బండ ఇన్నాళ్ళూ ఆగింది ఎవరూ దాని మీద కాలు పెట్టకపోబట్టి. కొత్త నేల వేశాక ఏది ఏ బండో ఎవరికి తెలుస్తుంది? వచ్చినవాళ్ళు నిలబడతారు. మీ పాప ఎగురుతుంది. పలకలు బండ బరువు ఆపవు, దాంతోపాటు కిందికి పోతాయి."

ఆయన ఏదో అనబోయేలోగా సుబ్బమ్మ నన్ను పిలిచింది. "ఇట్రా అమ్మాయ్. లావణ్యా, నువ్వు గూడా రామ్మా. వాణ్ణి ఆడనే ఉండనీ."

మేం ఇద్దరం మంచం పక్కన కూర్చున్నాం. ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఇది అప్పట్లో వాకిలి. కప్పు లేదు. ఆడ పాతర ఉన్నింది," అంది.

పాతర అంటే ధాన్యం దాచే గొయ్యి. మనిషి పట్టేంత మూతి, లోపల కుండలాగా వెడల్పు. పేడ, మట్టి పూసి, వరిగడ్డి పరిచి, జొన్నలు పోసి మూసేసేవాళ్ళు. మా అవ్వ చెప్పగా విన్నదే తప్ప నేను ఎప్పుడూ చూడలేదు.

"నేను కాపరానికొచ్చిన కొత్త. వానల్లేవు. జొన్నలు కొనేదానికి కావలి నించి బండ్లు వచ్చినాయి. మూత తీస్తే దినమంతా వదిలెయ్యాల. లోపల గాలి చెడిపోయి ఉంటాది. దీపం దింపి, ఆరిపోకుండా ఉంటేనే మనిషి దిగాల. మా మామకి తొందర. పెంచలయ్యని దిగమన్నాడు. మా గొర్రెలు కాసే మనిషి. భుజాన గొంగళి తీయకుండానే దిగినాడు పాపం. గంప అందియ్యమన్నాడు. ఇంక ఆ తర్వాత మాట లేదు. చేతికర్రతో గోడకి కొట్టినాడు. టక్కు, టక్కు అని."

"ఎవరూ దిగలేదా?" అని అడిగింది లావణ్య.

"దిగినోడు దిగినట్టే పోతాడని మా మామ ఎవుర్నీ దిగనీలా. అది నిజమేలే. కానీ ఆయన్ని దిగమన్నది గూడా మామే గదా. కొంచేపటికి చప్పుడు ఆగిపోయింది. బావి గాలం వేసి మనిషిని పైకి లాగినారు. గొంగళి జారి లోపలే పడిపోయింది. పెంచలయ్య పెళ్ళాం చంటోణ్ణి చంకనేసుకోని వచ్చి, ఆ గొంగళి ఇప్పించండయ్యా, ఆ మనిషి మీద కప్పి పంపిస్తాను అని అడిగింది. మా మామ మళ్ళీ గాలం వెయ్యనీలా. జొన్నలు గూడా వద్దన్నాడు. కొత్త బండ తెప్పించి మూతి మీద వేయించినాడు. తర్వాత హాలు కట్టినప్పుడు మిగతా బండలు దాని చుట్టూ పరిచినారు. ఆ సంగతి ఇంట్లో ఎత్తగూడదన్నాడు. ఎవురూ ఎత్తలా."

ఆమె నా చెయ్యి వదిలి మంచం పట్టె పట్టుకుంది.

"నా కొడుక్కి నడక నేర్పింది నేను. చెయ్యి పట్టుకోని ఆ బండ చుట్టూ తిప్పినాను. ఈ పాపకి గూడా నేనే నేర్పినాను. ఈమె వచ్చి మొగుడి వెనకాల నడిచింది," అని లావణ్య వైపు తల తిప్పింది. "వాళ్ళకేం తెలవదు. వాళ్ళ కాళ్ళకి తెలుసు."

నేను తలుపులోంచి ఆ బండ వైపు చూశాను.

"అప్పుడప్పుడు తడతాడు," అంది సుబ్బమ్మ, వాన పడింది అన్నంత మామూలుగా. "నేను పలకను. ఏమని పలకాల? నువ్వు ఆ కొయ్య బొమ్మల నేల వేస్తే ఇంక ఆ తావే తెలవకుండా పోతాది. వేసే ముందు ఆ గొంగళి తియ్యి."

రమణారెడ్డి తలుపు అవతలే ఉన్నాడు. అంతా విన్నాడు. బయటికి పోయి అరుగు మీద కూర్చుని, చాలాసేపటి తర్వాత లోపలికి వచ్చి, "ఎత్తండి," అన్నాడు.

మస్తాన్, ఇంకో ఇద్దరు పనివాళ్ళు గునపాలు పెట్టి బండను లేపారు. బండ కాస్త ఎత్తగానే కిందనుంచి గాలి ఊపిరి వదిలినట్టు బయటికి వచ్చింది. అందరం వెనక్కి జరిగాం. తలుపులు, కిటికీలు తీసిపెట్టించాను. మస్తాన్ బక్కెట్లో దీపం పెట్టి తాడుతో దింపాడు. మూతి దాటి కొంచెం కిందికి పోగానే దీపం ఆరిపోయింది. గాలి ఊదినట్టు రెపరెపలాడి ఆరలేదు. ఎవరో వేళ్ళతో నలిపినట్టు ఆరింది. తేమ ఆరబెట్టడానికి మేం వాడే బ్లోయర్ ఒకటి బండిలో ఉంది. దాని గొట్టం లోపలికి వదిలి, ఆ రోజుకి అక్కడ ఎవరూ తిరగకుండా అడ్డంగా బల్లలు పెట్టించి వచ్చేశాం.

మరుసటి రోజు పొద్దున దీపం ఆరలేదు. టార్చి వేసి చూశాం. జొన్నలు నల్లగా, బొగ్గు నలగ్గొట్టి పోసినట్టున్నాయి. వాటి మీద గొంగళి ఉంది. గాలంతో మనిషిని లాగినప్పుడు జారిపడింది కదా, ఉండచుట్టుకుని ఉంటుందనుకున్నాను. కానీ నాలుగు కొసలూ లాగి పరిచినట్టు, మనిషి పడుకోవడానికి వేసుకున్నట్టు ఉంది. మధ్యలో కాస్త గుంట.

లావణ్య ఒక్కసారి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మనుషుల్ని దించొద్దన్నాను. బావిలో పడ్డ బక్కెట్లు తీసే గాలంతో మస్తాన్ నెమ్మదిగా గొంగళిని పైకి లాగాడు. చీకిపోయి ఉంటుందనుకున్నది చీకిపోలేదు. లోపల గాలి ఆడకపోవడం వల్ల కావచ్చు. సుబ్బమ్మ దాన్ని ఒళ్ళో పెట్టించుకుని, అంచు వెంట వేళ్ళతో తడుముతూ కూర్చుంది.

అప్పుడు మస్తాన్ నన్ను పిలిచాడు. గోడకు చేరేసిన బండను తిరగేసి పెట్టాడు. "ఇది చూడక్కా," అన్నాడు.

బండ అడుగు వైపు, పాతరలోకి చూసే వైపు, మధ్యలో అరిగి నున్నగా ఉంది. గడపల దగ్గర, వంటింటి వాకిళ్ళలో, ఏళ్ళ తరబడి కాళ్ళు పడిన చోట వచ్చే నునుపు అది. నా పనిలో అలాంటి నునుపు వందల ఇళ్ళలో చూశాను. చేత్తో తడిమాను. పొరబాటు లేదు. పైన ఎవరూ తొక్కని బండ అడుగున నడిచి నడిచి అరిగినట్టుంది.

"వాడిన బండ యాడనించో తెచ్చి తిరగేసి వేసుంటారులే," అన్నాడు మస్తాన్. నాకూ అదే సబబుగా తోచింది. గదిలోకి పోయి సుబ్బమ్మను అడిగాను.

"కొత్త బండే అమ్మాయ్. క్వారీ నించి బండి మీద దిగింది. దించేటప్పుడు నేను ఈడనే ఉండాను. రెండు పక్కలా గరుకే," అంది. "ఏం, ఎందుకు అడగతా ఉండావు?"

"ఊరికే అవ్వా," అన్నాను. అడుగు వైపు అరిగి ఉందని ఆమెకు చెప్పలేదు.

పెంచలయ్య కొడుకు నరసయ్య దుత్తలూరు వైపు ఒక పల్లెలో ఉంటున్నాడని రమణారెడ్డి కనుక్కుని, తానే వెళ్ళి తీసుకొచ్చాడు. ఆ రోజు నేను కూడా అక్కడే ఉన్నాను. అరవై దగ్గరపడిన మనిషి, తలకు తువ్వాలు, చేతిలో సెల్‌ఫోన్. హాల్లోకి వచ్చి గొయ్యి అంచున నిలబడి చూశాడు. తర్వాత సుబ్బమ్మ ముందు కూర్చున్నాడు.

"మీ అమ్మ దీన్ని అడిగింది నాయనా," అంది ఆమె గొంగళి ముందుకు జరిపి. "నేను ఆ తలుపు రెక్క పట్టుకోని ఉండాను. నా నోరు లేవలా."

"అడిగినానని మా అమ్మ చెప్పేది," అన్నాడు నరసయ్య. "చలికాలంలో గూడా కప్పుకునేది గాదు. ఆయన వట్టి ఒంటితో పోయినాడు, నాకెందుకు అనేది. అట్టనే పోయింది."

ముసలామె గొంగళిని ఇంకాస్త ముందుకు తోసింది. రమణారెడ్డి గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు.

"మీ తాత చేసిన పనికి..." అని మొదలుపెట్టాడు, తడబడి "మా తాత," అని దిద్దుకుని, అక్కడే ఆగిపోయాడు.

నరసయ్య ఆయనకు అడ్డు తగల్లేదు, సాయమూ చేయలేదు. గొంగళి తీసుకుని లేచాడు. "మీరు పిలిచి ఇచ్చినారు, నేను తీసుకుంటా ఉండాను. ఇంతకంటే నన్నేమీ అడగబాకండి," అన్నాడు. వాకిట్లో నింపడానికి తెప్పించిన మట్టి కుప్ప ఉంది. ఒక గంప ఎత్తుకొచ్చి, గొయ్యిలోకి వంగి, "నాయనా, గొంగళి నా దగ్గర ఉండాది. పోదాం రా," అని మెల్లగా చెప్పి మట్టి పోశాడు. బయటికి పోతూ వెనక్కి తిరిగి చూడలేదు.

నల్లబడిన జొన్నలు అంతకు ముందే చేదతో తీయించి పొలం గట్టున పూడ్పించారు. గొయ్యిని మట్టి, కంకరతో పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి నింపి, పైన కాంక్రీటు వేశాం. అది గట్టిపడ్డాక హాలంతా లెవలింగ్ చేసి, పలచటి అండర్‌లే, అంటే నడిచేటప్పుడు చప్పుడు రాకుండా వేసే మెత్తటి పొర, పరిచి, దాని మీద వాల్‌నట్ పలకలు బిగించాం. అరిగిన దారి, గరుకు బండ అన్నీ కిందికి పోయాయి. గోడనుంచి గోడ దాకా ఒకే కొయ్య. పాత హాలు ఎలా ఉండేదో తెలియనివాళ్ళు ఆ తావు ఎక్కడో చెప్పలేరు.

ఆ ఇంటివాళ్ళు మాత్రం అక్కడ పక్కకు తిరిగే నడిచారు. పని ముగిసిన మధ్యాహ్నం పనిముట్లు సర్దుకుని వస్తున్నప్పుడు నేను కూడా పక్కకు తిరిగాను. అది తెలిసి ఆగి, కింద కాంక్రీటు వేయించింది నేనే కదా అని గుర్తుచేసుకుని, కాలు పెట్టాను. పలక కదల్లేదు. నేల గట్టిగా ఉంది. అయినా అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు.

వానాకాలంలో లావణ్య ఫోన్ చేసింది. స్కర్టింగ్, అంటే గోడ అంచున బిగించే పట్టీ, ఒకచోట ఊడిందట. అది మాట్లాడటం అయిపోయాక, "అత్తమ్మ మంచం హాల్లోకి మార్పించుకుంది," అంది.

"గదిలో ఉక్కపోస్తోందా?"

"అది కాదు. సరిగ్గా ఆ తావులోనే వేయమంది. మంచం పట్టెకి చెవి ఆనించి పడుకుంటాది. ఇప్పుడు ఏమీ వినపడటం లేదంట. మా పెళ్ళైనాక ఆమె రాత్రంతా నిద్రపోవడం ఇదే మొదటిసారి చూస్తా ఉండాను."

ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్నవి చాలావరకు చేతి పనులు. ఏ గమ్ ఎంతసేపట్లో ఆరుతుంది, ఏ పలక ఎండకు ఉబ్బుతుంది, ఇలాంటివి. ఆ ఇల్లు వేరే సంగతి నేర్పింది. నేను అమ్మేది పైపొర. కొయ్య కావాలంటే కొయ్య, రాయి కావాలంటే రాయి, చూసేవాళ్ళ కళ్ళకు అది చాలు. కింద ఉన్నదాన్ని మాత్రం ఆ ఇంట్లో ఎవరో ఒకరు మోస్తూ ఉంటారు, చాలాసార్లు మూల గదిలో, ఎవరూ ఏదీ అడగని మనిషి. అందుకని ఇప్పుడు కలువాయికి పోయినా, వింజమూరుకు పోయినా, ముందు ఆ ఇంటి పెద్దవాళ్ళ దగ్గర కూర్చుంటాను. ఈ నేల వేసినప్పుడు మీరు ఉన్నారా అని అడుగుతాను. కొందరు నవ్వి, మట్టే గదా తల్లీ అంటారు. కొందరు మాత్రం ముందు నేల వైపు చూస్తారు. వాళ్ళు మాట్లాడేదాకా నేను కొలిచే టేపు బయటికి తీయను.